తుప్పు పట్టిన డ్రమ్ము సామాను, కొబ్బరి పెంకు నూక: ఒక పని డైరీ

నవంబర్ 9

ఉదయం షట్టరు తీస్తూ ఉండగానే బ్యాండు మాస్టారు గోనె సంచితో వచ్చారు. సంచిలో ఒక సైడ్ డ్రమ్ము, విప్పదీసిన పెద్ద డ్రమ్ము ఇనుప సామాను ఉన్నాయి. "అబ్బాయ్, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఇది నా భుజాన ఉండాలి. రెండు నెలలు టైముంది. నీ వల్ల అవుతుందా?" అని అడిగారు. అవుతుందన్నాను. ఆయన తండ్రిగారు కొన్న డ్రమ్ము ఇది. గాలి రంధ్రం చుట్టూ ఉన్న ఇత్తడి బిళ్ల మీద 'ఇంగ్లండ్' అనే మాట ఇప్పటికీ వేలికి తగులుతోంది.

కోనసీమలోని రాజోలులో నాది మోటారు వైండింగు షాపు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల మోటార్లే ఎక్కువగా వస్తాయి. ఉప్పు నీటి మీద ఏడాది తిరిగిన బోల్టును విప్పడం నాకు రోజూ ఉండే పనే. కానీ ఆ బోల్టు రాకపోతే కోసి పారేసి కొత్తది వేస్తాను. ఇక్కడ ఆ వీలు లేదు. డ్రమ్ము పొరను బిగించే రాడ్డు కొత్తది ఒకటి కాకినాడ నుంచి తెప్పించి మాస్టారు తనతోనే తెచ్చారు. డ్రమ్ము పక్కన ఉండి రాడ్డును పట్టే లోహపు దిమ్మను లగ్గు అంటారు. అందులో పెట్టి తిప్పితే మూడు చుట్లు వెళ్లి బిగుసుకుపోయింది. పాత ఇంగ్లండ్ సామానుకు విట్‌వర్త్ అనే కొలత మర (స్క్రూ చుట్టు) ఉంటుంది. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన ఆ మరకు కోణం 55 డిగ్రీలు. అమెరికా మరకు, ఇప్పటి మెట్రిక్ మరకు 60. చూపుకు ఒకటిగానే కనిపిస్తాయి, బలవంతంగా తిప్పితే మాత్రం లోపలి ఇత్తడి మర చెడిపోతుంది. అంటే ఈ సంచిలో ఉన్న ప్రతి రాడ్డూ ఇదే రాడ్డుగా బతకాలి.

లెక్కపెట్టాను. సైడ్ డ్రమ్ముకు 16 రాడ్లు, 8 లగ్గులు, పొరను అంచున పట్టే రెండు రిమ్ములు, అడుగున చిటపటలాడే స్నేర్ తీగలు బిగించే మీట. పెద్ద డ్రమ్ముకు పిడి ఉన్న పొడుగు రాడ్లు 16, కొక్కేలు 16, లగ్గులు 8. వాషర్లు, స్క్రూలు కొబ్బరి నూనె డబ్బాలో విడిగా ఉన్నాయి.

నవంబర్ 10

ముప్పై రెండు రాడ్ల మరలను ఇనుప బ్రష్షుతో రుద్దుతూ కూర్చుంటే సంక్రాంతి దాటిపోతుంది. పైగా ఆ బ్రష్షు మిగిలిన క్రోమ్‌ను కూడా గీరేస్తుంది. తూటాల ఖాళీ గొట్టాలను శుభ్రం చేయడానికి, నగల మెరుగుకు కంపన యంత్రం వాడతారని తెలుసు. ఒక గిన్నెను స్ప్రింగుల మీద నిలబెట్టి, కింద మోటారు ఇరుసుకు ఒక పక్క బరువు కడతారు. గిన్నెలో గట్టి నూక పోసి వస్తువులు వేస్తే, నూక వణుకుతూ ప్రతి సందులోకీ దూరి రుద్దుతుంది. మోటార్లతోనే నా జీవితం కాబట్టి యంత్రం నేనే కట్టుకుంటాను.

ముందు సామానును లోహాన్ని బట్టి విడదీశాను. పాత స్పీకరు అయస్కాంతం పట్టుకుంటే రాడ్లు, కొక్కేలు, రిమ్ములు అతుక్కున్నాయి. అవన్నీ ఉక్కు. లగ్గులు అతుక్కోలేదు. వాటిని తిప్పి లోపలి వైపు మేకుతో చిన్న గీత గీశాను. సైడ్ డ్రమ్ము లగ్గుల్లో గీత పసుపుగా వచ్చింది, ఇత్తడి. పెద్ద డ్రమ్ము లగ్గుల్లో బూడిద రంగు గీత, అంటే పోతపోసిన జింకు. మూడు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి పేర్లు రాశాను. ఈ పని గంటన్నర పట్టింది.

నవంబర్ 16

యంత్రం తయారైంది, రెండోసారికి.

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టును ప్లైవుడ్ పలకకు బిగించాను. పలక కింద పాత అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు అడ్డంగా ఉంటుంది. నాలుగు మూలలా మోపెడ్ షాక్ అబ్జార్బర్ స్ప్రింగులు. మోటారు వేగం నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24. మొదట ఇరుసుకు 50 గ్రాముల బరువు కట్టి స్విచ్ వేశాను. మోటారు ఉమ్‌మ్ అంటోంది, బకెట్టు ఉలకలేదు. లోపల పోసిన బియ్యం పైన ఒక గింజ కూడా కదలలేదు.

తప్పు ఎక్కడుందో కాగితం మీద పెడితే తెలిసింది. పక్క బరువును, ఇరుసు మధ్య నుంచి అది ఉన్న దూరాన్ని గుణించి, ఊగే మొత్తం బరువుతో భాగించాలి. గిన్నె ఒక్కో పక్కకు ఎంత ఊగుతుందో దాదాపుగా వస్తుంది. 50 గ్రాములు, 40 మిల్లీమీటర్ల దూరం, ఊగే బరువు 20 కిలోలు. ఊపు మిల్లీమీటరులో పదో వంతు. అది ఎవరికి తెలుస్తుంది? ఇనుప పలకను అర్ధచంద్రంగా కోసి 500 గ్రాముల బరువు చేసి, 60 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాను. ఊపు ఒకటిన్నర మిల్లీమీటరు అయింది. బకెట్టు మీద తెల్ల పెయింటుతో పెట్టిన చుక్క, యంత్రం తిరుగుతున్నప్పుడు మూడు మిల్లీమీటర్ల సున్నాలా కనిపించింది. బియ్యం అంచు నుంచి మధ్యకు మెల్లగా పొర్లుతోంది.

ఆ బరువు 1440 చుట్ల వేగంతో తిరుగుతుంటే ఇరుసును 70 కిలోల బలంతో లాగుతుంది. అందుకే స్క్రూ ఒక్కటే నమ్మకుండా ఇరుసుకు అడ్డంగా పిన్ను కొట్టి, చుట్టూ మందపాటి రేకు పెట్టె బిగించాను. ఎవరైనా ఇలాంటిది కడితే ఈ పెట్టె లేకుండా స్విచ్ వేయవద్దు.

ఇంకొకటి గమనించాను. యంత్రం తిరిగినంతసేపూ నిలకడగా ఉంటుంది. ఆపగానే, చివరి రెండు సెకన్లు బకెట్టు పిచ్చిగా ఎగిరిపడుతుంది. స్ప్రింగులకు తమదైన ఒక ఊపు వేగం ఉంటుంది. మోటారు వేగం తగ్గుతూ దాని మీదుగా దిగుతున్నప్పుడు రెండూ కలిసిపోతాయి. బకెట్టు కింద నాలుగు రబ్బరు దిమ్మలు పెట్టాక పలక నేలకు తగలడం ఆగింది.

నవంబర్ 18

మొదటి ప్రయోగం ఊకతో. మా వైపు ఊకకు కొరత లేదు, మిల్లులో సంచి నింపి ఇచ్చారు. ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే కాబట్టి రుద్దే గుణం బాగా ఉంటుందని నా ఆశ. ఆరు రాడ్లు, రెండు ఇత్తడి స్క్రూలు వేసి నాలుగు గంటలు తిప్పాను.

ఊక మరీ తేలిక. రాడ్లు అడుగుకు దిగిపోయి ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, ఊక పైన పైన ఆడింది. షాపంతా దుమ్ము. రాడ్ల మీద తుప్పు తుప్పులాగే ఉంది. ఇత్తడి స్క్రూల మీద మాత్రం సన్నని పొగమంచులాంటి మసక. క్రోమ్ గట్టిది కాబట్టి తట్టుకుంటుంది, ఇత్తడి తట్టుకోదు. ఊకను పక్కన పెట్టేశాను, తడి పీల్చడానికి పనికొస్తుంది.

నవంబర్ 22

అంబాజీపేట వెళ్లి వచ్చాను. కొబ్బరి మార్కెట్టుకు దగ్గర్లో పెంకులు పొడి చేసే మిల్లు ఉంది. అగరుబత్తీలకు, దోమల చుట్టలకు వెళ్లే మెత్తటి పొడి నాకు పనికిరాదు. జల్లెడ మీద మిగిలే ముతక నూక అడిగాను. బియ్యపు నూకంత గింజ, అంచులు పదునుగా ఉన్నాయి. పదిహేను కిలోలు తెచ్చాను.

చేతిలోకి తీసుకుంటే ఊకకూ దీనికీ ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది. బరువుగా ఉంది, గుప్పిట మూస్తే కరకరమంటుంది. లేబరు చేసే కుర్రాడు దోసెడు తీసుకుని వాసన చూసి, "కాలుతున్న కొబ్బరి చిప్ప వాసన వస్తోందన్నా" అన్నాడు.

బకెట్టులో మూడు వంతులు నూక, ఒక వంతు సామాను. రాడ్లు ఒక విడతకు పన్నెండు మించకుండా వేశాను. మరలు ఒకదానికొకటి తగిలి దెబ్బతినకుండా, వైండింగులో తీగలకు తొడిగే స్లీవును చిన్న ముక్కలుగా కోసి ప్రతి రాడ్డు కొసకు తొడిగాను. మూడు గంటల తర్వాత ఒకటి తీసి చూస్తే, పైపైన ఉన్న ఎర్ర పొడి పోయింది. మర లోయల్లో నల్లగా గట్టిపడిన పాత తుప్పు మాత్రం అలాగే ఉంది.

ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. పొడి నూకతో కంపన యంత్రం మెరుగు పెడుతుంది, మరకలు తీస్తుంది, లేత తుప్పును దులుపుతుంది. నలభై, యాభై ఏళ్ల తుప్పును ముందే మెత్తబరచాలి.

నవంబర్ 24

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, మొదటి విడత రాడ్లు వేశాను. పావుగంటకే చిన్న బుడగలు మొదలయ్యాయి. గంటకు నీళ్లు పలుచని టీ రంగుకు తిరిగాయి. రెండు గంటలకు తీసి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే మర లోయలోంచి నల్లటి మడ్డి జారిపోయింది, కింద బూడిద రంగు ఉక్కు కనిపించింది. రెండు గంటలకు మించి ఉంచలేదు. డ్రమ్ము సామాను మీద క్రోమ్ పొర మైక్రాను కూడా ఉండదు. దాని కింద ఉన్న నికెల్ పొరే ఉక్కును కాపాడేది. ఆ నికెల్‌కు చిల్లు పడిన చోటల్లా తుప్పు లోపలికి పాకి ఉంటుంది. పుల్లటి నీళ్లు కూడా ఆ దారినే దూరతాయి, ఎక్కువసేపు ఉంచితే మంచి క్రోమ్ రేకులుగా లేచిపోతుంది.

తీసి బోరు నీళ్లతో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చి చూసేసరికి పన్నెండు రాడ్లూ నారింజ రంగులో ఉన్నాయి. ముప్పావు గంట కూడా కాలేదు.

ఆ రంగు చూసి చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఇందులో వింత ఏమీ లేదు. బోరు నీళ్లలో ఉప్పు, గాలిలో ఉప్పు, పైన వాయుగుండం ముసురు. నగ్నంగా ఉన్న ఉక్కుకు ఇంతకంటే ఏం కావాలి? రోజూ మోటార్లు విప్పే నేను ఈ ముక్క మరిచిపోవడమే బాధ. మా వైపు తుప్పు తీయడం ఒక పని, తీసిన తర్వాత మొదటి గంట గడిపించడం ఇంకో పని. రెండోదే పెద్దది.

నవంబర్ 25

అదే విడతను మళ్లీ పది నిమిషాలు నిమ్మ ఉప్పులో ముంచాను. ఈసారి పద్ధతి మార్చాను. ముందు పట్టి ఉంచిన వాన నీళ్లతో కడగడం. తర్వాత వంటసోడా కలిపిన వాన నీళ్లలో ముంచడం, దీంతో మిగిలిన పులుపు చస్తుంది, తుప్పు కూడా తొందరపడదు. వెంటనే తుడిచి వార్నిష్ పెట్టెలోకి. వైండింగు చేసిన కాయిళ్లకు వార్నిష్ పోశాక ఆరబెట్టడానికి మా షాపులో బల్బులు బిగించిన రేకు పెట్టె ఉంటుంది. అందులో అరగంట ఉంచితే రాడ్డు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, మర లోయల్లో చెమ్మ మిగల్లేదు. ఆ వేడి మీదే నేరుగా కొబ్బరి నూకలోకి.

మూడు గంటల తర్వాత బయటికి తీసిన రాడ్డును కిటికీ వెలుగులో పెట్టి తిప్పాను. మర చుట్లు ఒక్కొక్కటీ విడివిడిగా, శుభ్రంగా, మసక వెండి రంగులో ఉన్నాయి. తల మీద నాలుగు పలకల అంచులు నిలిచే ఉన్నాయి, రాడ్డు తిప్పే తాళం చెవి జారదు. నడుము మీద క్రోమ్ సగం ఉంది, సగం లేదు. లేని చోట సూది మొనతో పొడిచినట్లు చిన్న గుంటలు. అవి ఉంటాయి. ఏ నూకా పోయిన క్రోమ్‌ను తిరిగి తేలేదు, కొత్త పూత వేయించాలని నాకూ లేదు.

పొడుగు రాడ్లను విడతకు ఆరు చొప్పున తిప్పాలి, లేకపోతే ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. వాషర్లను రాగి తీగకు గుచ్చి వేస్తే ఏరుకునే బాధ లేదు.

డిసెంబర్ 2

నష్టం జరిగింది. కొక్కేల విడతలో ఒక జింకు లగ్గు కలిసిపోయింది. డబ్బాలకు పేర్లు రాసి పెట్టింది నేనే, రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోను వెలుగులో నిమ్మ ఉప్పు నీళ్లలో వేసిందీ నేనే. ఉదయం చూస్తే లగ్గు చుట్టూ నురుగు. జింకును పులుపు తినేస్తుంది. పూత పగిలిన అంచు నుంచి లోపలికి తొలిచి, స్క్రూ పట్టే చెవి దగ్గర పుచ్చుపన్నులా గుంట చేసింది.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎన్నో లగ్గు?" అని అడిగారు. "పెద్ద డ్రమ్ముదండీ, ఎనిమిదింటిలో ఒకటి." "అయితే దాన్ని నా కడుపు వైపు పెడదాం, జనానికి కనపడదు" అన్నారు. చెవి వెనక ఇత్తడి పలక ముక్క పెట్టి స్క్రూ బిగిస్తే పట్టు నిలిచింది. మిగతా జింకు లగ్గులను సబ్బు నీళ్లతో కడిగి, పెట్టెలో ఆరబెట్టి, ఒక గంట మాత్రమే నూకలో తిప్పాను. వాటికి అదే ఎక్కువ.

డిసెంబర్ 7

ఇత్తడి లగ్గులకు కొత్త నూక, అందులో బంగారు పని చేసేవారి దగ్గర తెచ్చిన ఎర్ర పాలిష్ సబ్బు చెక్కి కలిపిన రెండు చెంచాల పొడి. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్‌ది. రాడ్ల మీద నేను ఇన్నాళ్లూ తీస్తున్న తుప్పు కూడా ఇనుప ఆక్సైడే. నెత్తి మీద కూర్చుంటే శత్రువు, మెత్తగా నూరి చేతికిస్తే మెరుగు. ఉక్కు సామానుకు ఆకుపచ్చ సబ్బు వాడాను, అందులో క్రోమియం ఆక్సైడ్ ఉంటుంది, ఇది ఇంకా గట్టిది. ఏది కలిపినా మూత పెట్టాలి, తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

లగ్గులను వేసే ముందు లోపలి నట్టు, స్ప్రింగు తీసేశాను. ఈ స్ప్రింగు డ్రమ్ము విప్పినప్పుడు నట్టును కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. కానీ వాయిస్తున్నప్పుడు అది లగ్గు గోడకు తగిలి జుయ్‌మని మోగుతుంది. అందుకే పాతవాళ్లు దాని చుట్టూ ఉన్ని గుడ్డ చుట్టేవారు. ఆ గుడ్డే తడిని పట్టి ఉంచి స్ప్రింగును తినేసింది. స్ప్రింగులను పులుపులో వేయలేదు. గట్టి ఉక్కు హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసు బారుతుంది. నూకలో మాత్రం తిప్పి, విరిగిన రెండింటికి బదులు అదే మందం తీగతో చుట్టుకున్నాను. ఉన్నికి బదులు లోపల సన్నని స్లీవు ముక్క.

నూక గింజలు స్క్రూ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. కుట్టు సూదితో ఒక్కొక్కటీ పొడిచి తీయాలి. ఎనిమిది లగ్గులకు ఒక సాయంత్రం పట్టింది.

డిసెంబర్ 11

పద్నాలుగు అంగుళాల రిమ్ము బకెట్టులో పట్టదు. బిర్యానీ పొట్లాలకు చుట్టే అల్యూమినియం రేకును ఉండ చేసి, నీళ్లలో ముంచి రుద్దాను. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీతలు పడవు. తుప్పు గోధుమ రంగు గుజ్జుగా వేళ్ల మధ్యకు వచ్చింది. రెండు రిమ్ములకు రెండు గంటలు.

డిసెంబర్ 14

మాస్టారు వచ్చారు. గుడ్డ మీద వరుసగా పేర్చిన రాడ్లను చూశారు. ఒకటి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, నట్టు ఎక్కించి ఒక్క వేలితో తిప్పారు. అది చివరి దాకా ఆగకుండా వెళ్లింది. మళ్లీ వెనక్కి తిప్పారు. అలా పదహారూ తిప్పి చూశాకే కుర్చీలో కూర్చున్నారు.

"నాన్న బతికి ఉన్నప్పుడు దీనికి తోలు ఉండేది. ముసురు పడితే తోలు సాగి మోత చచ్చేది. డప్పుల వాళ్లతో పాటు గడ్డి మంట దగ్గర నిలబడి కాచేవాళ్లం" అని చెప్పారు. 1950ల చివర అమెరికాలో ప్లాస్టిక్ పొరలు వచ్చాక ఆ అవస్థ మెల్లగా అన్నిచోట్లా పోయింది. రాడ్ల అవస్థ మాత్రం పోలేదు.

మరలకు ఆయన ఇన్నేళ్లూ కొబ్బరి నూనె రాసేవారట. ఈసారి కూడా చిన్న సీసా తెచ్చారు. నేను వద్దన్నాను. "కోనసీమలో పుట్టి కొబ్బరి నూనె వద్దంటావా?" అని కాస్త నొచ్చుకున్నారు. "వద్దని కాదండీ. 24 డిగ్రీల కంటే చలి పడితే అది పేరుకుంటుంది. కనుమ తెల్లవారుజామున మీరు శ్రుతి చేసేటప్పుడు రాడ్డు తిరగనంటుంది" అన్నాను. ఆయన ఆలోచించి, "నిజమే, పండక్కి ఎప్పుడూ బిగుసుకుపోయేవి" అన్నారు. మరలకు సన్నగా లిథియం గ్రీజు, నడుముకు కుట్టు మిషను నూనె తుడిచి పైన కారు మైనం. ఆ సీసా షాపు కిటికీలోనే వదిలి వెళ్లారు.

డిసెంబర్ 28

పరీక్ష కోసం శుభ్రం చేసిన ఒక రాడ్డుకు మైనం పూసి, ఇంకొకదాన్ని ఒట్టిగా వదిలి, రెండింటినీ రెండు వారాల కింద షాపు చూరుకు కట్టాను. ఒట్టిది పూర్తిగా ఎర్రబడింది. మైనం పూసినదానిలో మర మొదట్లో ఆవగింజంత మచ్చ ఒకటే. అక్కడ నా వేలు తడి తగిలి ఉండాలి. రెండింటినీ మళ్లీ మొదటి నుంచి చేశాను. ఇప్పుడు చేతికి నూలు తొడుగు లేకుండా దేన్నీ ముట్టుకోవడం లేదు.

జనవరి 6

ఉదయం ఆరున్నరకు షాపు తీశాను. మంచు కాలువ గట్టు దాకా దిగి ఉంది. కిటికీలో మాస్టారి సీసా తెల్లగా పేరుకుని, తలకిందులు చేసినా కదలలేదు. సైడ్ డ్రమ్ము తాళం చెవి తీసుకుని ఒక్కో రాడ్డునూ పావు చుట్టు తిప్పాను. పదహారూ మెత్తగా తిరిగాయి. పుల్లతో మధ్యలో ఒక దెబ్బ వేస్తే స్నేర్ తీగలు చిటపటమన్నాయి. లగ్గుల్లో జుయ్‌మనే మోత లేదు.

పెద్ద డ్రమ్ముకు ఇంకా నాలుగు కొక్కేలు బిగించాలి. చెడిన లగ్గును మాస్టారి కడుపు వైపు పెట్టి, అటు పక్క చెక్కకు సుద్దతో గుర్తు వేశాను. సాయంత్రం ఆయన వస్తే పట్టీ పొడుగు చూసుకోవాలి.